యోధుడి పద్దు చదవడం ఎలా

బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో ముప్ఫై ఏళ్లు లెక్కలు రాశాను. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, గీతలు కొట్టిన ఆవర్జా కాగితం మీద గుర్రాలు పరుగెత్తుతున్న బొమ్మ కనబడింది. ఇంకేముంది, బేరం కూడా ఆడకుండా కొనేశాను.

అమెరికా సైన్యంతో పోరాడిన సూ, షయాన్ అనే అక్కడి ఆదివాసీ తెగల యోధులు గీసుకున్న బొమ్మలవి. ముందు బైసన్ తోళ్ల మీద గీసేవారు. మందలు అంతరిస్తున్న కాలంలో సైన్యం, వర్తకుల దగ్గర దొరికిన లెక్కల పుస్తకాలే వాళ్లకు తోళ్లయ్యాయి. అందుకే వీటిని లెడ్జర్ బొమ్మలంటారు. కొన్ని పేజీల్లో ఎవరిదో పాత పద్దు, దాని మీదే రంగు పెన్సిల్‌తో యుద్ధం!

చదవడం కుడివైపు నుంచి మొదలుపెట్టండి. చాలా బొమ్మల్లో యోధుడు కుడి నుంచి వస్తాడు, శత్రువు ఎడమ పక్కన ఉంటాడు. పాతబస్తీలో ఉర్దూ బోర్డులు చదివినవాళ్లకు ఇది వెంటనే అలవాటవుతుంది. తర్వాత తల పైన చూడండి. సన్నని గీతతో కలిపిన చిన్న బొమ్మ ఉంటే అది పేరు. చతికిలబడ్డ దున్న ఉందా, సూ నాయకుడు సిట్టింగ్ బుల్! ఖాతా ఎవరిదో తేలిపోయింది.

ఇక డెక్కల గుర్తులు. "ఇద్దరే ఉన్నారు, యుద్ధం ఎక్కడ తాతా?" అంది మా మనవరాలు. గుర్తుల మీద వేలు పెట్టి నడవమన్నాను. ఎటు నుంచి వచ్చాడో, ఎక్కడ తిరిగాడో అవే చెబుతాయి.

చేతిలో ఏముందో చూడటం మర్చిపోకండి. నేను ఇక్కడే బోల్తా పడ్డాను. తుపాకీ పక్కనపెట్టి కర్రతో తాకుతున్నవాణ్ని చూసి, పాపం గుళ్లు అయిపోయాయేమో అనుకున్నాను. దూరం నుంచి కాల్చి చంపడం కన్నా, బతికున్న శత్రువును చేత్తోనో కర్రతోనో తాకి రావడమే వాళ్లకు పెద్ద గౌరవమట. ఆ ఘనత నలుగురిలో చెప్పుకోవాలి, చూసినవాళ్లు ఔననాలి. మా సేఠ్ కూడా సాక్షి లేని పద్దు ఒప్పుకునేవాడు కాదు.

యుద్ధం పేరు రెండు వైపులా కనుక్కోండి. 1876 జూన్ 17న జరిగినదాన్ని సైన్యం రోజ్‌బడ్ యుద్ధం అంటుంది. గుర్రం కూలి చిక్కుకుపోయిన సోదరుణ్ని బఫెలో కాఫ్ రోడ్ ఉమన్ అనే షయాన్ స్త్రీ తన గుర్రం మీద ఎక్కించుకొచ్చింది. అందుకని షయాన్లకది 'ఆడపిల్ల తన తోడబుట్టినవాణ్ని కాపాడిన చోటు'. ఆ దృశ్యం లెడ్జర్ బొమ్మగా కూడా ఉంది. ఎనిమిది రోజులకే లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం, అందులో అమెరికా సైన్యాధికారి కస్టర్ చావు.

ఒక్క బొమ్మలో మొత్తం యుద్ధాన్ని వెతక్కండి, అది ఒక మనిషి ఖాతా. అంతా చూడాలంటే 1881లో మినికొంజు లకోటా (సూలలో ఒక శాఖ) యోధుడు రెడ్ హార్స్ గీసిన లిటిల్ బిగ్‌హార్న్ బొమ్మలు చూడండి. మొత్తం 42. కొన్నింటి నిండా చచ్చిన గుర్రాలూ పడిపోయిన మనుషులే. అవి మనవరాలికి ఇంకా చూపించలేదు.