రాత్రి రెండింటికి రూమ్మేట్ "గుండె ఆగిపోతోంది" అంటే: అమెరికాకి కొత్తగా వచ్చినవారికి

ఆగస్టులో దిగినవాళ్లకి అక్టోబరు వచ్చేసరికి మిడ్‌టర్ములు, లోను లెక్కలు, క్యాంపస్‌లో పని దొరకలేదన్న దిగులు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. అలాంటి ఒక రాత్రి మా రూమ్మేట్ నన్ను లేపి "గుండె ఆగిపోతోందిరా" అన్నాడు. చెమటలు, వణుకు. నేను చేసిందల్లా "టెన్షన్ పడకు" అని పదిసార్లు అనడం, వాళ్లమ్మకి వీడియో కాల్ కలపడం. ఆవిడ అక్కడ ఏడుపు, వీడు ఇక్కడ మరింత కంగారు.

అది పానిక్ అటాక్. ఎదురుగా ప్రమాదమేదీ లేకపోయినా, ఉందనే ఒళ్లు అనుకుంటుంది. ఊపిరి గబగబా తీసి వదలడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరికి భయం ఇంకా పెరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లో బాగా ముదిరి, అరగంటలోపు చాలావరకు దిగిపోతుంది. అతను నటించడం లేదు, పిరికివాడూ కాదు.

కానీ మొదటిసారి ఛాతీనొప్పి వస్తే పానిక్కేనని మీరే తేల్చెయ్యకండి. గుండెపోటూ ఇలాగే ఉండొచ్చు. అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చెయ్యండి. అంబులెన్సు బిల్లు భయం అందరికీ ఉంటుంది, అది తర్వాత చూసుకోవచ్చు.

ఇదివరకే డాక్టరు చూసి పానిక్ అటాకేనని చెప్పి ఉంటే, పక్కన కూర్చోండి. గదిలో జనాన్ని పంపించెయ్యండి. "నేనిక్కడే ఉన్నాను, కాసేపట్లో తగ్గుతుంది" చాలు. ఊపిరి నెమ్మదిగా వదలమని చెప్పి మీరూ వదులుతూ తెలుగులోనే అంకెలు లెక్కపెట్టండి. అడక్కుండా పట్టుకోవద్దు. సినిమాల్లో చూపించినట్టు కాగితం సంచీలోకి ఊపిరి వదిలించడం అసలే వద్దు.

మర్నాడు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి తోడు వెళ్లండి. చాలాచోట్ల ఆ ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది. ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప అక్కడి మాటలు ఇంటికీ ప్రొఫెసర్‌కీ చేరవు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, ముఖ్యంగా చనిపోవాలన్న మాట వస్తే, ఇలాంటి సాయం కోసమే ఉన్న అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చెయ్యొచ్చు.

చాలామంది పొరపాటు చేసేది కోర్సు దగ్గర. తట్టుకోలేక ఒక సబ్జెక్టు డ్రాప్ చేసేస్తారు, దాంతో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్ చిక్కులో పడుతుంది. డాక్టరో లైసెన్సున్న సైకాలజిస్టో లెటర్ ఇస్తే డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) తక్కువ కోర్సులకి అనుమతి ఇవ్వగలరు, ఒక డిగ్రీలో మొత్తం 12 నెలల దాకా. ముందు అనుమతి, ఆ తర్వాతే డ్రాప్. మీ స్నేహితుడు డీఎస్ఓకి మెయిల్ రాసే స్థితిలో లేకపోతే డ్రాఫ్ట్ మీరు చేసిపెట్టండి, పంపేది అతనే.