దత్తత తెచ్చుకున్న పెద్ద పిల్లి తిండి మానేస్తే: ముందు ముక్కు చూడండి

వీధి నుంచి కాపాడి ఫాస్టర్ ఇంట్లో, అంటే దత్తత కుదిరేవరకు తాత్కాలికంగా సాకే ఇంట్లో, ఉంచిన పెద్ద పిల్లిని ఇంటికి తెచ్చుకున్నవారు మొదటి నెలలో నాలుగు ఇబ్బందులే చెబుతారు. మంచం కింద నుంచి రావడం లేదంటారు, రాత్రంతా అరుస్తోందంటారు, ఇసుక తొట్టి వాడడం లేదంటారు, తిండి మానేసిందంటారు. మొదటి మూడింటికి కారణం సాధారణంగా పైకే కనిపిస్తుంది. నాలుగో దాని వెనుక మాత్రం ఒక దొంగ కారణం దాగి ఉంటుంది. దానిని గుర్తించక మంచి పిల్లులను వెనక్కి పంపేసిన ఇళ్లను తిరుపతిలోనూ చిత్తూరులోనూ చూశాను కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

దాక్కుంటోంది, బయటికి రావడం లేదు

ఇల్లంతా ఒకేసారి తెరిచి ఇవ్వడమే దీనికి కారణం. పెద్ద పిల్లి తన చోటును వాసనలతో గుర్తు పెట్టుకుంటుంది, కొత్త ఇంట్లో తన వాసన ఎక్కడా ఉండదు. దానిని ఒకే గదిలో ఉంచి తలుపు మూయండి. ఫాస్టర్ ఇంట్లో అది పడుకున్న గుడ్డను ఉతకకుండా తెచ్చి ఒక అట్టపెట్టెలో వేయండి. మీరు ఆ గదిలో కూర్చుని మీ పని మీరు చేసుకోండి, చేయి పెట్టి బయటికి లాగకండి. తిరుపతిలో తాతయ్యగుంట చుట్టుపక్కల ఉండేవారు మే నెలలో గంగమ్మ జాతర డప్పులు మోగే వారంలో పిల్లిని తెచ్చుకోకుండా, జాతర ముగిశాక తెచ్చుకోవడం మంచిది.

రాత్రంతా అరుస్తోంది

పగలంతా గదిలో నిద్రపోయిన పిల్లి రాత్రి మేలుకుంటుంది. మీరు పడుకునే ముందు తాడుతోనో ఈకతోనో బాగా ఆడించి, ఆ వెంటనే పెద్ద భోజనం పెట్టండి. అరిచినప్పుడల్లా లేచి వెళితే, అరిస్తే మనుషులు వస్తారని నేర్చుకుంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారో లేదో ఫాస్టర్ ఇంటివారిని తప్పక అడగండి, చేయించకపోతే ఆడించినా అరుపు ఆగదు.

ఇసుక తొట్టి వాడడం లేదు

ఫాస్టర్ ఇంట్లో మామూలు ఇసుక వాడి, మీరు దుకాణంలో దొరికే సువాసన గుళికలు పోసి ఉంటే అదే కారణం. మొదట అక్కడి ఇసుకే పోసి, కొత్తదానిని కొద్దికొద్దిగా కలపండి. తొట్టిని వాషింగ్ మెషీన్ పక్కన గానీ తిండి గిన్నె పక్కన గానీ పెట్టకండి. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. మగపిల్లి మాటిమాటికి తొట్టిలో కూర్చుని ముక్కుతూ, చుక్క మూత్రం కూడా పోయలేకపోతుంటే అది మలబద్ధకం కాదు. మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే స్థితి కాబట్టి ఆ గంటలోనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.

తిండి మానేసింది

ఇక్కడ అందరూ వదిలేసే మొదటి ప్రశ్న ఒకటి ఉంది: అసలు తినలేదా, లేక కొన్ని రోజులు తిని మానేసిందా? ఈ రెండూ వేరు వేరు సమస్యలు.

వచ్చిన రోజు నుంచే ముట్టకపోతే ఫాస్టర్ ఇంటికి ఫోన్ చేసి ఏ తిండి, ఏ గిన్నెలో, ఏ వేళకు పెట్టేవారో అడిగి, అచ్చం అలాగే పెట్టండి. ఇంత చిన్న పని చేయకుండా నాలుగు రకాల ప్యాకెట్లు కొని తెచ్చేవారే ఎక్కువ. ఇంట్లోకి మాంసం రానివ్వని కుటుంబాలు తిరుపతిలో చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పెరుగన్నంతో పిల్లిని సాకగలమని అనుకోవద్దు. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసాహారం నుంచే అందాలి, అది లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. వంటింట్లోకి మాంసం రాకూడదనుకుంటే పిల్లుల కోసం తయారైన పొడి ఆహారం పెట్టండి. కుక్కల ఆహారం దానికి బదులు కాదు.

ఇక రెండో రకం. వచ్చిన రెండో రోజుకే గిన్నె ఖాళీ చేసి, ఒళ్లో కూర్చుని, అంతా కుదిరిందనుకున్న పిల్లి, వారమో పది రోజులో గడిచాక గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, ఒకసారి పెదవులు నాక్కుని వెనక్కి వెళ్లిపోతుంది. ఇంటివారు ముందు తిండి మారుస్తారు. తరువాత గిన్నె మారుస్తారు. ఆ తరువాత 'మా ఇల్లు దానికి నచ్చలేదు' అంటారు. ఫాస్టర్ ఇంటివారిని అడిగితే 'మా దగ్గర బాగానే తినేదండీ' అంటారు, ఆ మాట నిజమే. అయినా ఒకరి మీద ఒకరికి అనుమానం మొదలవుతుంది.

ఈ స్థితిలో నేను మొదట అనుమానించేది పిల్లుల హెర్పిస్ వైరస్‌నే. వీధిలో పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పసితనంలోనే ఇది సోకుతుంది. జలుబు తగ్గినా వైరస్ ఒంట్లోంచి పోదు, ముఖానికి వెళ్లే నరాల మొదళ్లలో జీవితాంతం అణిగి ఉంటుంది. పిల్లికి గట్టి ఒత్తిడి కలిగినప్పుడు మళ్లీ లేస్తుంది, ఇల్లు మారడాన్ని మించిన ఒత్తిడి పిల్లికి తక్కువ. మనల్ని మోసం చేసేది ఏమిటంటే, అది ఇల్లు మారిన రోజునే లేవదు. ఒత్తిడి కలిగిన 4 నుంచి 11 రోజుల తరువాత లేస్తుంది. అప్పటికి ఇల్లు మారిన సంగతి అందరూ మరచిపోయి, నిన్న ఏం మార్చామా అని వెతుకుతుంటారు. టీకా వేయించాం కదా అనే ధీమా కూడా పనికిరాదు. టీకా జబ్బు తీవ్రతను తగ్గిస్తుందే గాని, అప్పటికే ఒంట్లో అణిగి ఉన్న వైరస్‌ను తీసివేయలేదు.

ముక్కు కారితే ఎవరైనా గుర్తిస్తారు. కొన్ని పిల్లుల్లో మొదట ముక్కు లోపల వాపు మాత్రమే వస్తుంది, బయటికి చుక్క కూడా కారదు. పిల్లి నాలుకతో కంటే ముక్కుతోనే తిండిని తెలుసుకుంటుంది. వాసన తగలకపోతే ఎదుట ఉన్నది తిండి అని దానికి తోచదు. అందుకే ఆకలితో గిన్నె దగ్గరికి వస్తుంది, కాని తినదు. తిండి మీద ఇష్టం లేని పిల్లి సాధారణంగా గిన్నె దగ్గరికే రాదు, ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోండి.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. ఒక చిన్న స్టీలు పళ్లేన్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తుడిచి, పిల్లి నిద్రపోతున్నప్పుడు ముక్కుకు తగలకుండా ఎదురుగా పట్టుకోండి. రెండు ముక్కురంధ్రాల నుంచీ గాలి వస్తే పళ్లెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటే పడినా, రెండూ బాగా మసకగా ఉన్నా ముక్కు మూసుకుందని అర్థం. దానితో పాటు ఒక కన్ను కొంచెం ముడుచుకుని ఉందా, కంటి లోపలి మూలలో గోధుమరంగు తడి ఉందా, నిద్రలో గురక కొత్తగా వచ్చిందా, తెల్లవారుజామున తుమ్ముతోందా చూడండి. వీటిలో రెండు కనిపించినా తిండి మార్చడం ఆపి ముక్కు సంగతి చూడాలి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే మాత్రం పరీక్షలేవీ వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చేయవలసిన మొదటి పని గదిలో పొగ ఆపడం. అగరుబత్తి, సాంబ్రాణి, హారతి కర్పూరం లేని ఇల్లు మన ఊళ్లో అరుదు. పిల్లి కోలుకునేవరకు పూజగది తలుపు మూసి ఉంచి, పిల్లిని దూరంగా ఉన్న గదిలో పెట్టండి. తరువాత ఆవిరి. స్నానాలగదిలో వేడినీళ్లు వదిలి, గది నిండా ఆవిరి పట్టాక పిల్లితో పాటు 10 నుంచి 15 నిమిషాలు కూర్చోండి, రోజుకు రెండుమూడుసార్లు. ఆ నీళ్లలో విక్స్, నీలగిరి తైలం, కర్పూరం వంటివేవీ వేయకూడదు, అవి పిల్లికి విషం. గోరువెచ్చని ఉప్పునీటిలో ముంచిన దూదితో ముక్కు చుట్టూ మెత్తగా తుడవండి. తిండిని పిల్లి ఒంటి వేడికి, అంటే దాదాపు 38 డిగ్రీలకు వెచ్చబెట్టి ఆవిరి పట్టిన వెంటనే పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసమో చేపో అయితే వాసన బలంగా ఉంటుంది. మాంసం వండని ఇంట్లో పిల్లుల తడి ఆహారం ప్యాకెట్‌ను వేడినీళ్లలో ఉంచి వెచ్చబెట్టినా సరిపోతుంది.

మన మందుల డబ్బా జోలికి అసలు వెళ్లవద్దు. పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి చనిపోవడానికి. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు కూడా వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, హెర్పిస్ వల్ల కంటి మీద పడిన పుండు లోతై చూపు పోవచ్చు. లైసీన్ పొడి కొనమని చాలామంది చెబుతారు కాని, దాని వల్ల మేలు జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు.

పూర్తిగా 24 గంటలు ఏమీ తినకపోతే పశువైద్యునికి ఫోన్ చేయండి, 48 గంటలు దాటనివ్వవద్దు. కొన్నిరోజులు పస్తున్న పిల్లికి ఒంటి కొవ్వు కాలేయంలో పేరుకుని కాలేయం చెడిపోతుంది. లావుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. చిగుళ్లు, చెవి లోపలి చర్మం పసుపు పచ్చగా మారేదాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే. తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉంది. చిత్తూరు నుంచి దాదాపు 70 కిలోమీటర్లు కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామునే బయలుదేరండి. డాక్టరుగారికి 'తినడం లేదండీ' అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఇంటికి తెచ్చిన తేదీ, తిండి మానేసిన తేదీ, గిన్నె దగ్గరికి వస్తోందా లేదా, పళ్లెం మీద ఎన్ని మచ్చలు పడ్డాయి, ఈ నాలుగూ చెప్పండి. కన్ను ముడుచుకుని ఉంటే కంట్లో రంగు చుక్క వేసి పుండు ఉందో లేదో చూడమని అడగండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర రాసిస్తే, మింగించిన వెంటనే సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు తాగించండి. లేకపోతే మాత్ర గొంతులో అంటుకుని అన్నవాహికను కాలుస్తుంది.

పిల్లుల హెర్పిస్ మనుషులకు గానీ కుక్కలకు గానీ అంటదు. ఇంట్లో వేరే పిల్లి ఉంటే గిన్నెలు వేరుగా ఉంచి చేతులు కడుక్కోండి. చాలా పిల్లులు ఒకటి రెండు వారాల్లో కోలుకుంటాయి. ఈ మధ్యలో పిల్లిని ఫాస్టర్ ఇంటికి తిరిగి పంపడమంటే దానికి మరోసారి ఇల్లు మార్చడమే, అంటే ఆ వైరస్‌కు మళ్లీ అవకాశం ఇవ్వడమే. దయచేసి అలా చేయకండి, ఆ గదిలోనే ఉంచి బాగుచేయండి. ఇకపై ఇంటికి సున్నం వేయించినా, పెళ్లికి బంధువులు దిగినా, మీరే ఇల్లు మారినా, ఆ తరువాతి రెండు వారాలు దాని ముక్కు మీద కన్నేసి ఉంచండి.

ముక్కు శుభ్రంగా ఉండి, గిన్నె దగ్గరికి వచ్చి, నోరు పెట్టగానే అరిచి వెనక్కి తగ్గినా, చొంగ కారుస్తున్నా నోటిలో పుండ్లో పుచ్చిన పళ్లో ఉంటాయి. దారం ముక్క మింగడం, మూత్రపిండాల జబ్బు, పెద్దపేగు సమస్యలు కూడా కారణం కావచ్చు. వాటిని రక్తపరీక్ష, ఎక్స్‌రే తేలుస్తాయి గాని ఇంట్లో కూర్చుని ఊహించి లాభం లేదు.