ఊరికే డబ్బొస్తుందని మెయిల్ వస్తే

కొనని టికెట్‌కి లాటరీ తగలదని అందరికీ తెలుసు. అయినా తెలివైనవాళ్లు కూడా చిక్కుకుంటున్నారంటే కారణం ఒకటే: మొదటి మెయిల్‌లో డబ్బు అడగరు. పేరు, ఫోన్ నంబరు చాలంటారు. మీరు జవాబిచ్చాక ప్రాసెసింగ్ ఫీజు అంటారు. అది కడితే పన్ను, ఆ తర్వాత లాయరు ఖర్చు. అప్పటిదాకా కట్టింది పోతుందేమోనన్న భయంతోనే మనిషి మళ్లీ కడతాడు. నిజంగా సొమ్ముంటే ఆ ఫీజు అందులోంచే మినహాయించుకోవచ్చు కదా! ముందు కట్టమన్నారంటే సొమ్ము లేదనే అర్థం. నైజీరియా క్రిమినల్ కోడ్‌లోని సెక్షన్ నంబరుతో '419' అని పేరుపడ్డ ఈ మోసం, ఈమెయిల్ రాకముందు ఉత్తరాల్లో, ఫ్యాక్సుల్లో నడిచింది.

మెయిల్ తెరిచాక పంపినవారి పేరు చూసి నమ్మకండి, పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కి అసలు అడ్రస్ చూడండి. పెద్ద సంస్థ పేరుండి, అడ్రస్ మామూలు ఉచిత మెయిల్‌దైతే అక్కడే వదిలేయండి. డొమైన్‌ని, అంటే అడ్రస్‌లో @ తర్వాత ఉండే భాగాన్ని, చివరి నుంచి చదవాలి: 'బ్యాంకు డాట్ బహుమతి డాట్ కామ్' అంటే అది 'బహుమతి డాట్ కామ్' వాళ్లది, బ్యాంకుది కాదు. ఇంకా అనుమానముంటే కంప్యూటర్‌లో జీమెయిల్ మూడు చుక్కల మెనూలోని 'షో ఒరిజినల్' తెరవండి. అందులో కనిపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనేవి మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు. అవి ఫెయిల్ అని ఉంటే అడ్రస్ నకిలీది కావచ్చు. పాస్ అని ఉన్నా ధీమా వద్దు, మోసగాడు తన సొంత డొమైన్‌కి పాస్ తెచ్చుకోగలడు.

జవాబివ్వకండి, తిట్టడానికైనా సరే. మీ అడ్రస్ పనిచేస్తోందని వాళ్లకి తెలిసిపోతుంది. స్పామ్‌గా రిపోర్ట్ చేసి తీసేయండి. బొమ్మలు వాటంతటవే లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చుకుంటే మెయిల్ తెరిచిన సంగతీ వాళ్లకి అందదు.

చెక్కు పంపి, "పొరపాటున ఎక్కువ రాశాం, మిగతాది తిరిగి పంపండి" అంటే మరీ జాగ్రత్త. మొత్తం ఖాతాలో కనిపించినా, చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు. అప్పుడు బ్యాంకు ఆ సొమ్ము వెనక్కి తీసుకుంటుంది. మీరు పంపింది మాత్రం తిరిగి రాదు.

ఇప్పటికే డబ్బు పంపేసుంటే సిగ్గుపడుతూ కూర్చోకండి, ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. ముందు బ్యాంకుకి ఫోన్ చేయండి. నంబరు ఆ మెయిల్‌లోది కాదు, మీ కార్డు వెనకది. తర్వాత పాస్‌వర్డ్‌లు మార్చి, మెయిళ్లన్నీ దాచి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. కొన్నాళ్లకు "పోయిన డబ్బు రాబట్టిస్తాం, కొంచెం ఫీజు అవుతుంది" అంటూ ఇంకొకరు తగలవచ్చు. అదీ ఆ బాపతే. ఒకసారి మోసపోయినవాళ్ల వివరాలు మోసగాళ్ల మధ్య అమ్ముడుపోతుంటాయి.