కచేరీ మధ్యలో తీగ తెగితే ఏం చేయాలి?

కొన్నేళ్ల క్రితం ఆర్కే బీచ్ దగ్గర ఒక చవితి పందిట్లో వయొలిన్ వాయిస్తున్నాను. గాయని కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు అందుకున్నారు. జవాబు వాయించబోతుంటే మొదటి తీగ ఫట్‌మని తెగి చెంపకు తగిలింది. ముందు వరుసలో పిల్లలు నవ్వారు. నేను కమాను ఒళ్లో పెట్టేసి, సంచిలో కొత్త తీగ కోసం వెతుకుతూ కూర్చున్నాను. ఆ రెండు నిమిషాలు గాయని ఒంటరిగా పాడుకున్నారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మన విశాఖ గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. స్టీలు తీగలు త్వరగా తుప్పు పడతాయి. అందుకే కచేరీకి మూడు రోజుల ముందు తీగ పొడవునా బొటనవేలు నడిపి చూడండి. ఎక్కడైనా గరుకు తగిలితే మార్చేయండి. కొత్త తీగ కొన్నాళ్లు సాగి శ్రుతి దిగుతూ ఉంటుంది. కాబట్టి బాగున్న పాత తీగ ఒకటి చుట్టి పెట్టెలో ఉంచుకోండి. అది ఇప్పటికే సాగింది కనుక అవసరానికి త్వరగా నిలుస్తుంది.

తర్వాత, ఇంట్లో మొదటి తీగ వదులు చేసి మిగతా మూడింటి మీదే ఒక వర్ణం (సాధనకు వాయించే రచన) వాయించండి. పైస్థాయి స్వరాల కోసం రెండో తీగ మీద చెయ్యి పైకి జరపాలి. మొదట్లో తడబడతారు, వారం రోజుల్లో అలవాటవుతుంది. ఇది అన్నిటికన్నా ముఖ్యం, దయచేసి వదిలేయకండి.

వేదిక మీద తెగితే వాయించడం ఆపకండి. గాయకుల వైపు ఒక్కసారి చూడండి, వాళ్లకు అర్థమవుతుంది. తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం మొదలయ్యాక తీగ మార్చండి, అప్పుడు మీకు తీరిక ఉంటుంది. మిగతా తీగలు మాత్రం వదులు చేయొద్దు. తీగలను మోసే బ్రిడ్జి పడిపోతుంది, వయొలిన్ లోపల నిలబెట్టిన చిన్న కర్ర కూడా కదిలిపోవచ్చు.

శ్రుతి కోసం తంబుర ఫోన్‌లో పెట్టుకుంటే ఫ్లైట్ మోడ్ వేయండి. ఆలాపన మధ్యలో రింగ్‌టోన్ స్పీకర్లలో మోగితే ఆ రాగం మళ్లీ కుదరడం కష్టం. మైకు కీచుమంటే దాన్ని చేత్తో మూయకండి, ఇంకా ఎక్కువవుతుంది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దాన్నే మైకు మళ్లీ లాక్కోవడం వల్ల వచ్చే కూత అది. సౌండ్ అబ్బాయికి తగ్గించమని సైగ చేయండి.

పాడేవాళ్లు చరణం మరిచిపోతే పల్లవికి వచ్చేయాలి. వయొలిన్ మీద ఉన్నవాళ్లు తర్వాతి పాదం ఎత్తుగడ మెల్లగా వాయిస్తే చాలు, గుర్తొస్తుంది.

కిందటేడు సిరిపురంలో మళ్లీ తీగ తెగింది. రెండో తీగ మీదికి జరిగాను. మృదంగం ఆయన ఒకసారి నావైపు చూసి, తనిని కాస్త సాగదీశారు. తని చివర్లో వచ్చే మోహ్రా వాయించే సమయానికి నా తీగ శ్రుతిలో ఉంది.