పాత చర్చి గోడ పెచ్చులూడుతుంటే: విచారణ (పారిష్) కమిటీలకు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు పాత చర్చిలను చూసుకునే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు గోడ సంగతి, ఎక్కువ నష్టం అక్కడే.

సమస్య: గోడ కింది భాగంలో తెల్లగా ఉప్పు లేస్తోంది, రంగు పొలుసులుగా రాలుతోంది.

కారణం: పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నం గుండా బయటికి ఆరిపోతుంది. గట్టిగా ఉంటుందని దానిమీద సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ రంగు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను పిండి చేస్తుంది. ఊడిన చోట వేలితో గీకండి. ఎర్ర పొడి రాలిందంటే దెబ్బ ఇటుకకు తగిలినట్టే.

పరిష్కారం: మేస్త్రీని పిలిచేముందు వానలో ఒకసారి చర్చి చుట్టూ తిరగండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా? బయటి గచ్చు వాలు గోడవైపు ఉందా? ముందు అది సరిచేయాలి. తర్వాత సిమెంటు పూతను సుత్తి, ఉలితో మెల్లగా చెక్కించి, ఒక వేసవంతా గోడను ఆరనివ్వండి. క్రిస్మస్‌కి బాగోదని తొందరపెడతారు, దయచేసి ఒప్పుకోకండి. బాగా నానిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి కలిపి పలచటి పూతలుగా వేయించి, తడి గోనెలు కప్పించండి. పైన సున్నమే కొట్టించండి.

సమస్య: పూజ జరుగుతుండగా పైకప్పు కారుతోంది.

కారణం, పరిష్కారం: చాలాసార్లు నడికప్పు పెంకులు జరిగి ఉంటాయి. 2013లో ఫైలిన్ తుపాను, 2018లో తిత్లీ తుపాను రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి సెప్టెంబరులోపే పెంకులు సర్దించి, వాసాల చివర్లు చెదల కోసం తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే వడ్రంగికి చూపించండి.

సమస్య: డబ్బుంది, పని కదలట్లేదు.

కారణం: మామూలు నిర్వహణకు మించిన పనికి బిషప్ గారి రాతపూర్వక అనుమతి కావాలి. విచారణ ఆర్థిక సంఘం సలహా మాత్రమే ఇస్తుంది. భూమి కాగితాలు ఇంకో చిక్కు: 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, పాత కాగితాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండొచ్చు. ఇప్పటి పట్టా ఒడియాలో ఉంటుంది.

పరిష్కారం: అంచనా, ఫొటోలు, పట్టా నకలు జతచేసి ఫాదర్ గారి ద్వారా అర్జీ పంపండి. పాత్రలు, గంట, స్వరూపాలు (విగ్రహాలు) అన్నీ జాబితా రాసి, ఒక ప్రతి విచారణలో, ఇంకోటి మేత్రాసన (బిషప్ గారి) కార్యాలయంలో ఉంచండి. తిరుసభ చట్టం (కతోలిక చర్చి కానన్ లా) కూడా ఇదే చెబుతుంది.