డైక్ గోడకి చిల్లు పెట్టే ముందు

వానలు మొదలయ్యేలోపు కొత్త పైపు లైన్ వేసేయాలని ట్యాంక్ ఫామ్‌లో, అంటే ఇంధన ట్యాంకులుండే ఆవరణలో, హడావుడి ఉంటుంది. ట్యాంక్ ఇటు, పంపు అటు, మధ్యలో డైక్ గోడ, అంటే ట్యాంకుల చుట్టూ కట్టిన అడ్డుగోడ. అందరికీ ముందు తట్టేది ఒకటే, గోడకి చిల్లు కొట్టి పైపుని నేరుగా అవతలికి తోసేయడం. ఎల్బోలు (పైపు మలుపు ముక్కలు) మిగులుతాయి, సపోర్టులు తగ్గుతాయి, పని రెండు రోజుల్లో అయిపోతుంది. కాకపోతే ఆ గోడ కట్టిందే ట్యాంక్ పగిలినా పొంగినా సరుకు బయటికి పోకూడదని. రెండు మీటర్ల గోడలో అరమీటరు ఎత్తున కారే చిల్లు ఒక్కటి ఉంటే, మీకున్నది అరమీటరు గోడే.

కాబట్టి వీలున్నంతవరకు గోడ మీదుగా తీసుకెళ్ళండి. పైపుకి దారి కోసం గోడ పైఅంచుని కొంచెం చెక్కుదాం అనే మాట ఎవరైనా అంటే అక్కడే ఆపండి, చెక్కినంత మేర డైక్‌లో పట్టే సరుకు తగ్గిపోతుంది. పైపు బరువు కూడా గోడ మీద పెట్టకూడదు, రెండు పక్కలా దానికి వేరే సపోర్టులు ఉండాలి. ఎండకి పైపు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. 50 మీటర్ల ఉక్కు పైపు 40 డిగ్రీల తేడాకి దాదాపు 24 మిల్లీమీటర్లు కదులుతుంది. దాన్ని గోడకి బిగించేస్తే ఆ కదలికంతా గోడని లాగుతుంది, లేదంటే ట్యాంక్ నాజిల్‌ని, అంటే ట్యాంక్‌కి పైపు కలిసే మూతిని, లాగుతుంది. ఇంకో సంగతి, గోడ మీద పైపు కనిపిస్తే మనుషులు దాన్నే మెట్టుగా వాడేస్తారు, అందుకని పక్కనే దాటడానికి మెట్లు కట్టించండి.

మీదుగా వెళ్ళడంలో ఇబ్బందులూ ఉన్నాయి. ఎత్తైన చోట గాలి చేరుతుంది కాబట్టి వెంట్, అటూ ఇటూ పల్లంలో డ్రెయిన్ కావాలి. పంపు సక్షన్ లైన్ (పంపు సరుకుని లాక్కునే పైపు) అయితే మాత్రం ఆలోచించాల్సిందే. పెట్రోల్‌లా తొందరగా ఆవిరయ్యే సరుకు ఎత్తైన మలుపు దగ్గర ఆవిరై నిలిచిపోతే, ట్యాంక్‌లో లెవల్ తగ్గిన రోజున పంపు ఎంత తిప్పినా ఎత్తదు. నా లెక్కలో గోడలోంచి వెళ్ళడానికి నిజాయితీ ఉన్న కారణం ఇదొక్కటే. ఎల్బోలు మిగలడం కారణం కాదు.

సరే, తప్పదు, గోడలోంచే వెళ్ళాలి. కొత్త గోడైతే కాంక్రీట్ పోసేటప్పుడే పడిల్ ఫ్లాంజ్ ఉన్న స్లీవ్ పెట్టించుకోండి, అంటే పైపు దూరే తొడుగు గొట్టం, దాని చుట్టూ కాంక్రీట్‌లో కూరుకుపోయే చక్రం. పాత గోడైతే బ్రేకర్‌తో బాదొద్దు, చుట్టూ పగుళ్ళు వస్తాయి. కడ్డీలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించి కోర్ కటింగ్ (గుండ్రటి బిట్‌తో చిల్లు కోయడం) చేయించండి. పైపు స్లీవ్‌కి గానీ కడ్డీలకి గానీ తగలకుండా మధ్యలో ఉండాలి, ఎందుకంటే తగిలిన చోటే తుప్పు మొదలవుతుంది, అది స్లీవ్ లోపల ఉంటుంది కాబట్టి కారేదాకా ఎవరికీ కనపడదు.

మిగిలిన సందు దేంతో నింపుతున్నారన్నదే అసలు విషయం. ఒకచోట చూశాను, సిమెంట్ సంచుల ముక్కలు కుక్కి పైన పల్చగా ప్లాస్టరింగ్ చేసి రంగు కూడా వేశారు, చూడ్డానికి భేషుగ్గా ఉంది. ఉత్త సిమెంట్ గ్రౌట్ (సందులో పోసే పల్చటి సిమెంట్) అయినా పైపు నాలుగుసార్లు కదిలాక విడిపోతుంది. వంగే గుణం ఉన్న సీల్ కావాలి, అది మీ సరుకుకి తట్టుకునేదై ఉండాలి. ఈపీడీఎం రబ్బరు నీళ్ళకి బాగుంటుంది, పెట్రోల్ డీజిల్‌లో ఉబ్బిపోతుంది. నైట్రైల్ వాటికి తట్టుకుంటుంది గానీ మంటకి తట్టుకోదు. అందుకే నిప్పుకి ఆగే ప్యాకింగ్, లోపలివైపు ఉక్కు ప్లేటు అడ్డం కూడా ఉండాలి.

ఇంగ్లండ్‌లో బన్స్‌ఫీల్డ్ డిపోలో జరిగింది ఇదే. 2005 డిసెంబర్ 11న ఒక ట్యాంక్ పెట్రోల్‌తో పొంగి ఆవిరి పేలింది, 20కి పైగా ట్యాంకులు తగలబడ్డాయి. డైక్ గోడలు చాలావరకు నిలబడే ఉన్నాయి, కానీ జాయింట్ల దగ్గర, పైపులు దూరిన చోట్ల సీలెంట్ కాలిపోయి ఇంధనం, మంటలార్పిన నీళ్ళు, ఫోమ్ బయటికొచ్చి భూగర్భజలాల్లో కలిశాయి.

గోడ కింద మట్టిలోంచి పైపు తీసుకెళ్దాం అనేవాళ్ళూ ఉంటారు. నాకది నచ్చదు. సరిగా దిమ్మిస చేయని మట్టిలో పైపు వెంటే సరుకు దారి చేసుకుంటుంది, గోడ కుంగితే ఆ బరువు పైపు మీద పడుతుంది.

ఏ దారిన వెళ్ళినా మొదటి వాల్వ్ ట్యాంక్ నాజిల్ దగ్గరే, డైక్ లోపలే ఉండాలి. ఎందుకంటే గోడ బయట పైపు తెగితే ట్యాంక్‌లో సరుకంతా దాంట్లోంచే వచ్చేస్తుంది, అప్పుడు డైక్ ఉన్నా లేనట్టే. గోడ దాటిన వెంటనే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే జాయింట్) పెట్టకండి, అది కారితే కారేది బయటే. కేబుల్ కండ్యూట్లని (కేబుళ్ళు వెళ్ళే గొట్టాలని) మరిచిపోతుంటారు, అవీ పైపులే, లోపల కూడా సీల్ చేయాలి.

పని జరిగే రోజుల సంగతి. చిల్లు తెరిచి ఉన్నంతసేపూ మీకు డైక్ లేనట్టే లెక్క కాబట్టి ఆ డైక్‌లోని ట్యాంకుల్లోకి సరుకు దించుకోవద్దు, లెవల్ తగ్గించి పెట్టుకోండి, ఒకసారి ఒకే చిల్లు, సాయంత్రం వెళ్ళేటప్పుడు బిగుతుగా ప్లగ్. కోర్ కటింగ్‌లో నీళ్ళు పోస్తారు కదా, హాట్ వర్క్ పర్మిట్ (నిప్పురవ్వ పుట్టే పనికిచ్చే అనుమతి) ఎందుకు అంటారు. మెషీన్ మోటార్ ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు, దాని రవ్వకి చుట్టూ ఉన్న ఆవిరి అంటుకోవచ్చు, అందుకు. గ్యాస్ టెస్ట్ పొద్దున ఒకసారి చేసి వదిలేయకండి, మధ్యాహ్నం భోజనం నుంచి వచ్చాక మళ్ళీ చేయండి.

అయ్యాక డైక్‌లో నీళ్ళు నింపి గోడ మీద గుర్తు పెట్టి, కారి మట్టం తగ్గుతుందేమో చూస్తారు, మంచిదే. కానీ ట్యాంక్ ఖాళీగా ఉంటే జాగ్రత్త, అది తేలుతుంది. అడుగు కన్నా అరమీటరు పైకి నీళ్ళొస్తే చదరపు మీటరుకి 500 కిలోల తోపుడు, చిన్న ట్యాంక్ లేచిపోవడానికి అది చాలు. వానాకాలంలోనూ ఇదే భయం, అలాగని డ్రెయిన్ వాల్వ్ తెరిచి వదిలేయకూడదు. 2009 అక్టోబర్‌లో జైపూర్ పెట్రోల్ టెర్మినల్ ప్రమాదంలో డైక్ డ్రెయిన్ వాల్వ్ తెరిచే ఉంది, కారిన పెట్రోల్ దాంట్లోంచి వాననీటి కాలువలోకి వెళ్ళింది. మనిషి దగ్గరుండి తెరిచి, నీళ్ళు పోయాక మూసి తాళం వేయాలి.

చివరగా పాత లైన్లు. రెండు పక్కలా కోసేసి, గోడలో ముక్క అలాగే వదిలేసినవి తప్పకుండా ఉంటాయి, గడ్డి మొలిచి కనపడవు కూడా. టార్చ్ పట్టుకుని గోడ చుట్టూ నడిచి వాటిని వెతికి, ప్లేటు వెల్డింగ్ చేసి మూయించండి.