ఉండవల్లి గుహల్లో ధ్వని కొలిచే ముందు జాగ్రత్తలు

విజయవాడలో సామాను సర్దుకునేటప్పుడే ఇవి సరిచూసుకోండి.

– గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. స్టాండు, స్పీకరు పెట్టాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి.

– పొద్దున తెరవగానే వెళ్లండి. జనం పెరిగితే మాటలు, కేకలు కొలతలో కలిసిపోతాయి. పైగా మనుషుల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి లోపల ఎంతమంది ఉన్నారో ప్రతిసారీ రాసుకోవాలి.

– ప్రతిధ్వని కొలవడానికి ఒక్కసారిగా పెద్ద చప్పుడు చేయాలి, కానీ దానికి టపాకాయలు వద్దే వద్దు. గబ్బిలాలుంటే బెదురుతాయి, మన చెవులకూ ముప్పే. గాలి ఊదిన బుడగ (బెలూన్) పగలగొడితే చాలు, ముక్కలన్నీ ఏరేయండి. అనంతపద్మనాభస్వామి శయనించిన అంతస్తులో ఎవరైనా దండం పెట్టుకుంటుంటే ఆగండి. స్తంభాలకు టేపు అంటించొద్దు.

– రికార్డరులో ఆటో గెయిన్ (శబ్దం స్థాయిని యంత్రమే సర్దే ఏర్పాటు) ఆపేయాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. లేకపోతే ప్రతిధ్వని సన్నగిల్లే కొద్దీ యంత్రమే దాన్ని పెంచేస్తుంది, మనం కొలవాల్సిన సమయం, అంటే శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టేది, తప్పుగా వస్తుంది. రికార్డింగు దాచడానికి శబ్దాన్ని కుదించే ఎంపీ3 కాదు, కుదించని వేవ్ ఫైలే.

– మైకుకు స్పాంజి తొడుగు, వెంట థర్మామీటరు. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్లే శబ్దం, 40 డిగ్రీల్లో 355 దాకా వెళ్తుంది.

– ప్రతిధ్వని బాగుందని, శిల్పులు దానికోసమే తొలిచారని రాసేయకండి. ఆ మాటకు వేరే ఆధారం కావాలి.

– అదనపు బ్యాటరీలు, మంచినీళ్లు, జారని చెప్పులు.